నెయ్యి పడని పంక్తి

మా ముత్తాత ఇరవై పైచిలుకు గ్రామాలకు దేశ్‌పాండ్యా, శిస్తు లెక్కలన్నీ ఆయన చేతిలోనే. ఆయన చావడికి వస్తున్నాడంటే పటేళ్లూ పట్వారీలూ చెప్పులు వాకిట్లో విడిచి నిలబడేవారు. మా తాత సర్కారు కొలువులో చేరి తాలూకా కచేరీలో పెద్ద కుర్చీ ఎక్కాడు. ఆయన గుర్రాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి, పాన్‌దాన్ మోయడానికి ఒక మనిషి, గొడుగు పట్టడానికి ఒక మనిషి ఉండేవారు. మా నాన్న నాటికి శిస్తు మీద వచ్చే రుసుములు రద్దయ్యాయి, భూములు దాయాదుల దావాల్లో ఇరుక్కున్నాయి, గొడుగు మిగిలింది గాని పట్టే మనిషి మిగల్లేదు. ఆ గొడుగు ఆయనే పట్టుకుని, నడుము వంచకుండా బజారుకు వెళ్లివచ్చేవాడు. ఆ నడక నాకూ వచ్చింది. ఇదంతా గొప్ప కోసం చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. వాళ్లు గొప్పవాళ్లే కాబట్టి చెబుతున్నాను.

తొంభైల చివర నేను ఉద్యోగంలో చేరింది గచ్చిబౌలి దాటాక, శంకర్‌పల్లి దిక్కున కొత్తగా కట్టిన ఒక వినోదాల పార్కులో. అప్పటికి మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాని చుట్టూ పగలంతా రాళ్లు పేలుస్తూనే ఉండేవారు. ఆ దారిన వెళితే ఒక పక్క గుట్టలు, ఇంకో పక్క మెడలో కార్డులు వేసుకున్న కుర్రవాళ్లు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్లను శని, ఆదివారాల్లో బస్సులెక్కించి మా దగ్గరికి తెచ్చేవారు. మా పార్కులో ఏనుగు తొండం నుంచి నీళ్లలోకి జారే జారుడుబండ ఉండేది. అలలు లేచే కొలను, రంగుల రాట్నం, రాత్రి ఉండేవారికి గుడిసెల్లా కనిపించే ఏసీ గదులు, పుట్టగొడుగు ఆకారంలో కట్టిన ఒక రెస్టారెంటు ఉండేవి. ఎలుగుబంటి వేషం కట్టిన మనిషి ఒకాయన పిల్లలకు బెలూన్లు పంచుతూ తిరిగేవాడు.

యజమాని రోడ్ల కాంట్రాక్టుల్లో పైకి వచ్చిన మనిషి. నన్ను పిలిచి, "హోటల్ లైన్‌లో ఎన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్?" అని అడిగాడు.

"మూడు తరాలుగా అతిథులకు పెట్టినవాళ్లం" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి, "అయితే రేపటి నుంచి రండి" అన్నాడు. నాకు ఇచ్చిన ఇంగ్లీషు హోదా పెద్దదే గాని పని చిన్న మాటల్లో చెప్పొచ్చు. వచ్చే మనుషులు ఏది తినరో ముందే తెలుసుకుని, దానికి తగ్గ భోజనం సిద్ధం చేయించడం. మనిషి ఏం తింటాడో ఎవరైనా అడుగుతారు. ఏం తినడో అడగడానికి కొంత మర్యాద తెలిసి ఉండాలి. ఆ మర్యాద మా ఇంట్లో పుట్టుకతోనే వస్తుంది కాబట్టి నాకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది. ఉల్లి, వెల్లుల్లి ముట్టని మార్వాడీ కుటుంబాలు వచ్చేవి. దుంపలు తినని జైనులు, చక్కెర వ్యాధి ఉన్న మేనేజర్లు, శనివారం ఒంటిపూట భోజనాలవాళ్లు వచ్చేవారు. అందరికీ ఏదో ఒకటి కుదిర్చేవాళ్లం. గుండీలన్నీ పెట్టుకున్న తెల్లకోటుతో నేను ద్వారం దగ్గర నిలబడితే చాలామంది నన్నే యజమాని అనుకునేవారు. నేను సరిదిద్దేవాణ్ణి కాదు.

శాకాహారం వంటింటికి పెద్ద వంటాయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన పంతులుగారు. వడ్డన చూసే కెప్టెన్ సంగారెడ్డి దగ్గరి మనిషి, నడివయసు వాడు, గట్టి నోటివాడు. వాళ్లిద్దరూ రోజూ పోట్లాడుకునేవారు, ఒకరు రాకపోతే రెండోవారు దిగులు పడేవారు.

ఒకసారి మాదాపూర్‌లోని ఒక కంపెనీ తమకు పని ఇచ్చే విదేశీ ఆయన్ను తీసుకొస్తామని కబురు పెట్టింది. ఆయన వేగన్ అన్నారు. ఆ మాట అప్పటికి మాకు కొత్త. అర్థం కనుక్కుని వంటింట్లోకి వెళ్లి చెప్పాను.

"రేపు వచ్చే అతిథి మాంసం, గుడ్డు సరే, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా ముట్టడు."

పంతులుగారు గరిటె ఆపాడు. "ఏ మఠంలో ఉంటాడండీ?"

"కంప్యూటర్ల వ్యాపారం."

"పాలు కూడా తాగడా? మరి చంటిపిల్లాడప్పుడు ఏం తాగాడండీ?"

"తల్లిపాలు తాగిండు పంతులూ" అన్నాడు కెప్టెన్. "బర్రెపాలు దూడకే ఇడుస్తడంట. మంచోడే ఉన్నడు."

"మరి మనం చెడ్డవాళ్లమా?"

"మనం దూడ నోట్ల నుంచి గుంజుకుంటం. ఏ, నువ్వు ఫికర్ పడకు, జర చాయ్ పొయ్యి."

ఆ అతిథికి పంతులుగారు పులిహోర, కందిపొడి, నూనె వంకాయ, దోసకాయ పప్పు చేసి పెట్టాడు. ఆయన కళ్లు మూసుకుని తిన్నాడు, అన్నం మళ్లీ పెట్టించుకున్నాడు, వెళ్లేటప్పుడు పంతులుగారి చెయ్యి పట్టుకుని ఊపాడు. పంతులుగారు ఆ చెయ్యి కడుక్కోవాలా వద్దా అని కాసేపు ఆలోచించాడు. తర్వాత ఆ కంపెనీలో మా వంటింటికి మంచి పేరు వచ్చింది. పాల చుక్క లేకుండా వంట చేయగలిగిన చోటు ఒకటుందని ఆఫీసుల్లో చెప్పుకున్నారట.

ఆ మాట విని ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ మదీనాగూడ నుంచి ఆటోలో వచ్చింది. వెంట ఆరేడేళ్ల పాప. ఆవిడ భర్త ఆ కంపెనీలోనే ఇంజనీరు. వచ్చే ఆదివారం ఉద్యోగుల కుటుంబాలన్నిటినీ కంపెనీ మా పార్కుకు తెస్తోంది. నేను కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు.

"సార్, మీ దగ్గర పాలు లేని తిండి చేస్తరని మా ఆయన చెప్పిండు. నిజమేనా?"

"నిజమే అమ్మా."

"నిజమంటే ఎంత నిజం?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. నేను ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాను.

"ఎందుకడుగుతున్న అంటే, మా పాపకు పాలు పడవు. ఇష్టం లేక కాదు సార్. పాల చుక్క లోపలికి పోతే పెదాలు ఉబ్బుతయి, గొంతు మూసుకపోతది, ఊపిరి ఈలేసినట్టు అయితది. దవాఖానకు ఉరకాలె. పెరుగు, నెయ్యి, ఏదైనా అంతే. గందుకే ఎవరింటికీ పోము. పెండ్లంటే టిఫిన్ డబ్బా కట్టుకొని పోత. పిల్లలందరు వరుసల కూసుంటే ఇది నా ఒళ్లె కూసొని డబ్బాల తింటది. మొన్న నన్ను అడిగింది, 'అమ్మా, నేనేం తప్పు చేసిన?' అని."

పాప మా మాటలు వింటున్నట్టు లేదు. అద్దంలోంచి బయటికి చూస్తోంది.

"అమ్మా, ఎలుగుబంటి నీడల కూసొని బీడీ తాగుతున్నది" అంది.

నేను ఆవిడతో, "ఆదివారం మీ పాప మిగతా పిల్లల మధ్య కూర్చుని, వాళ్లు తిన్నదే తింటుంది. మాట ఇస్తున్నాను" అన్నాను. మా ఇంట్లో మాట అంటే ఏమిటో కూడా చెబుదామనుకున్నాను. ఆవిడ ముఖం చూసి మానేశాను.

"మాట సరే సార్. డబ్బా మాత్రం తెస్త."

"తెండి. తెరిచే పని ఉండదు."

డబ్బా మాట నాకు కొంచెం గుచ్చుకుంది. అయినా తల్లి కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం పంతులుగారినీ కెప్టెన్‌నూ కూర్చోబెట్టి సంగతి చెప్పాను. పాపకు వేరుగా వండి, వేరే ఆకులో పెడదామన్నది కెప్టెన్ ఆలోచన. నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో వందలమందికి భోజనాలు జరిగిన రోజుల్లో కూడా పంక్తిభేదం లేదు. ఒక వరుసలో కూర్చున్నాక పెద్ద ఉద్యోగికి ఒక కూర, పేద చుట్టానికి ఒక కూర వడ్డిస్తే మా తాత విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. పాపకు మాత్రమే వేరుగా వడ్డిస్తే ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టి డబ్బా తెరిచినదానికీ దీనికీ తేడా ఏముంది? అందుకని పిల్లల పంక్తి మొత్తానికీ పాలు లేని వంటే అన్నాను.

"ఐస్‌క్రీమ్ లేకుంటే పిల్లలు ఊకుంటరా సార్? లొల్లి చేస్తరు."

"నారింజరసం పుల్ల ఐసు పెడదాం."

"పెద్దలకో?"

"పెద్దల పంక్తి వేరు. వాళ్లు వాళ్ల పాయసం తాగుతారు."

పంతులుగారికి ఆలోచన బాగా నచ్చింది. ఇలాంటి నియమం పెడితే ఆయనకు హుషారు. టమాటా పప్పు, ఆలుగడ్డ వేపుడు, పల్లీల పులిహోర, చారు, బెల్లం కొబ్బరి లౌజు అని తనే చెప్పాడు. శనివారం గిన్నెలన్నీ చింతపండు, బూడిద పెట్టి తోమించాడు. కొత్త నూనె డబ్బా తెరిపించాడు. పాలు, పెరుగు, వెన్న ఇంకో వంటింటికి పంపించి, నెయ్యి డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను ఆ తాళంచెవిని కోటు జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాను. చాలాకాలం తర్వాత మా ఇంటి భోజనాలకు నేనే పెద్దరికం చేస్తున్నట్టు అనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. బస్సులు వచ్చాయి, పిల్లలు తొండంలోంచి జారారు, మధ్యాహ్నానికి అందరికీ ఆకలి పట్టుకుంది. పుట్టగొడుగు రెస్టారెంటు ముందు షామియానా కింద పిల్లలకు బల్లలు వేసి ఆకులు పరిచాం. ఆ పాప గులాబీ గౌను వేసుకుని, ఇద్దరు ఆడపిల్లల మధ్య కూర్చుంది. తల్లి వెనక నిలబడి ఉంది. ఆవిడ భుజానికి సంచి, సంచిలో డబ్బా.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కొక్క గిన్నె పంపిస్తున్నాను. పప్పు వెళ్లింది. వేపుడు వెళ్లింది. పొగలు కక్కుతున్న అన్నం గంగాళాన్ని కెప్టెన్ తోపుడుబండి మీద పెట్టించాడు. మా ఇంట్లో గంగాళం గడప దాటే ముందు పెద్దవాళ్లు ఒక మాట అడిగేవారు. మా తాత అడిగేవాడు, మా నాన్న అడిగేవాడు. నా నోటి నుంచి కూడా ఆ మాటే వచ్చింది.

"పంతులుగారూ, అభిగారం అయిందా?"

"అయిందండీ" అన్నాడు పంతులుగారు.

నేను తల ఊపాను. బండి కదిలింది. ఇద్దరం నిండుగా, తృప్తిగా ఒకరినొకరు చూసుకున్నాం.

తెలియనివారి కోసం చెప్పాలి. అభిగారం అంటే ఉడికిన అన్నం మీద వడ్డనకు ముందు వేసే నేతిచుక్క. అది పడితేగాని అన్నం శుద్ధి కాదు, దేవుడికి గాని అతిథికి గాని పెట్టకూడదు. మా నాయనమ్మ వేసేది, మా అమ్మ వేసేది. దాన్ని మా ఇళ్లలో ఎవరూ నెయ్యి వేయడం అనరు. ఎవరైనా వంటలో నెయ్యి ఉందా అని అడిగితే లేదనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు. పంతులుగారికి అంతే. డబ్బాలో నెయ్యి వంటింటిది, దానికి తాళం వేశాడు. దేవుడి పటం కింద గూట్లో చిన్న గిన్నెలో ఉన్నది దేవుడిది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆయనకూ తట్టలేదు, తాళంచెవి జేబులో వేసుకుని తిరిగిన నాకూ తట్టలేదు.

బండి మలుపు తిరిగాక నాకు తట్టింది.

నాకు తెలిసినంతలో మా వంశంలో పరుగెత్తిన మొదటివాణ్ణి నేనే. మా వాళ్లు గుర్రమెక్కి పోయారు, పల్లకీలో పోయారు, నడిచి పోయారు. నేను గుండీలు పెట్టుకున్న కోటుతో, కొలను పక్క తడిసిన బండల మీద పరుగెత్తాను. తువ్వాళ్లు చుట్టుకున్న పెద్దమనుషులు పక్కకు జరిగారు. ఎలుగుబంటి వేషగాడు అదేదో ఆట అనుకుని నా వెంట పరుగెత్తాడు. అది చూసి అవతల ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఆపండి!" అని అరిచాను.

కెప్టెన్ గరిటె గాలిలో ఆగింది. అప్పటికి సగం పంక్తికి అన్నం పడింది. పాప ముందు తెల్లటి అన్నం కుప్ప ఉంది, పాప వేళ్లు అందులో ఉన్నాయి. నేను ఆ ఆకు లాగేశాను. పాప నా ముఖం చూసి, తన ఖాళీ బల్ల చూసుకుంది.

"నా ఆకెందుకు తీసేసిన్రు?" అంది.

పక్కనున్న పిల్లలందరూ ఆ పిల్లనే చూస్తున్నారు. నేను ఏది జరగకూడదని అనుకున్నానో సరిగ్గా అదే జరుగుతోంది.

"అందరి ఆకులూ తీసేయండి" అని కెప్టెన్‌తో అన్నాను. "ఈ అన్నం బాగాలేదు. అందరికీ వేరే అన్నం వస్తుంది."

"మంచిగనే ఉంది కదా అంకుల్" అన్నాడు ఒక పిల్లాడు నోటినిండా పెట్టుకుని. "నెయ్యి వాసనొస్తుంది."

తల్లి ఆ మాట విన్నది. పాప చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూసింది, నోరు తెరిపించి చూసింది, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి మోచేతి దాకా కడిగింది. తిరిగి వచ్చేటప్పటికి డబ్బా సంచిలోంచి బయటికి వచ్చింది.

"ఎవరు వేసిన్రు సార్?"

"మా ఆచారం వేసింది. నేనే అయిందా అని అడిగి మరీ పంపించాను." అభిగారం సంగతి ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే నాకే అది ఎంత వింతగా ఉందో వినిపించింది.

"ఇగ పోతం సార్. మీరు మంచిగనే చేద్దామనుకున్నరు. మా నసీబు గిట్ల ఉన్నది."

"వెళ్లాలంటే నేను ఆపలేనమ్మా. కానీ మళ్లీ బియ్యం పోయిస్తున్నాను. మీరు వచ్చి పొయ్యి దగ్గరే కూర్చోండి. కుండలోంచి ఆకులోకి వచ్చేదాకా మీ కళ్లముందే ఉంటుంది. మీరు పెట్టమంటేనే పెడతాం."

ఆవిడ డబ్బా వంక చూసింది. పాప అప్పటికే వెళ్లి తన చోట కూర్చుంది. పక్క పిల్లతో ఏదో మాట్లాడుతోంది, ఆ పిల్ల తన రిబ్బను విప్పి చూపిస్తోంది.

"పొయ్యి ఎక్కడ?" అంది తల్లి.

పాప ముందు వంగి కొత్త ఆకు పరిచి, నేనూ వంటింట్లోకి వెళ్లాను. కెప్టెన్ పిల్లలను ఎలుగుబంటికి అప్పగించాడు. ఎలుగుబంటి వాళ్లచేత అంత్యాక్షరి పాడించడం లోపలికి వినిపిస్తోంది.

పంతులుగారి ముఖం పాలిపోయింది. ఇంకో గిన్నె తోమి ఎసరు పెట్టాడు.

"ఆవునెయ్యండీ బాబుగారూ. అది పాలెలా అవుతుందండీ? అది శుద్ధి కదండీ."

స్టూలు మీద కూర్చున్న తల్లి నెమ్మదిగా అంది. "మీకు శుద్ధే పంతులుగారు. నా బిడ్డకు ఊపిరి ఆగుతది."

ఆయన బియ్యం కడిగి పోశాడు. ఆమె ఏ చెంచా అడిగితే ఆ చెంచా చూపించాడు. అన్నం కుతకుతమంటుండగా ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు.

"బాబుగారూ, ఆ కంప్యూటర్ల దొర వచ్చాడు చూడండీ..."

"ఆయనకీ వేశారా?"

"వేశానండీ. వెయ్యకుండా అతిథికి ఎలా పెడతానండీ?"

గుమ్మంలో నిలబడ్డ కెప్టెన్ నెత్తి కొట్టుకున్నాడు. "గందుకే పంతులూ, గాయన మళ్ల మళ్ల పెట్టించుకున్నడు! పాపం, దూడ ఏమనుకున్నదో ఏమో!"

తల్లికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేకపోయింది. పంతులుగారు కూడా, అంత బాధలోనూ, మీసం కింద నవ్వాడు. ఆ తర్వాతే ఆ వంటింట్లో అందరికీ ఊపిరాడింది.

అన్నం వార్చాక ఇంకో చిక్కు వచ్చింది. పంతులుగారు ఆ గిన్నె దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శుద్ధి చెయ్యని అన్నం పసిపిల్లల పంక్తికి ఎలా పంపమంటారండీ? నా చేత్తో ఎప్పుడూ పంపలేదండీ. మీరు పెద్దింటివారు, మీరు చెప్పండి."

"నీళ్లు?" అన్నాను.

"ప్రోక్షణాండీ?" ఆయన ఆలోచించాడు. "నీళ్లూ శుద్ధేననుకోండి. కానీ మీ ఇంట్లో ఒప్పుకుంటారాండీ?"

మా తాత ఒప్పుకునేవాడు కాదని నాకు బాగా తెలుసు. మా నాన్న కూడా కొంచెం గొణిగేవాడు. కానీ ఇప్పుడు ఆ ఇంటికి పెద్దను నేను.

"ఒప్పుకుంటారు" అన్నాను.

పంతులుగారు కుళాయి కింద చెయ్యి రుద్ది రుద్ది కడుక్కుని, పుడిసిట్లో నీళ్లు తీసుకుని, పెదవులు కదిలించి అన్నం మీద చల్లాడు. తల్లి లేచి ఆ నీళ్లు ఏ కుళాయివో చూసింది. తర్వాత తనే బండి పట్టుకుని బయటికి తోసింది.

పిల్లల పంక్తికి వడ్డన మళ్లీ మొదలైంది. పాప అన్నంలో వేలు పెట్టే ముందు ఎడమవైపు ఆకు చూసింది, కుడివైపు ఆకు చూసింది.

"ఇది అందరికా?" అని కెప్టెన్‌ను అడిగింది.

"అందరికిదే తల్లీ. నీకు, గీ పోరనికి, గా బొట్టుపెట్టుకున్న బిడ్డకు, ఆఖరికి ఎలుగుబంటికి గూడ."

పాప పప్పు కలుపుకుని మొదటి ముద్ద తిన్నది. తల్లి వెనక నుంచి ముందుకు వచ్చి పెదాల వంకే చూస్తోంది. నేను బల్లకు అటువైపు నిలబడి అవే పెదాలు చూస్తున్నాను. రెండో ముద్ద. వేపుడు. పులిహోర. ఆ పిల్ల తింటున్నంతసేపు షామియానా కింద ఇంకేం జరిగిందో నాకు తెలియదు. కాసేపటికి పాప చెయ్యి ఎత్తింది. నేను బల్ల చుట్టూ అటువైపు రెండడుగులు వేశాను.

"పప్పు" అంది.

కెప్టెన్ పప్పు వేశాడు.

"అమ్మా, నీ పప్పుల ఉప్పెక్కువ ఉంటది" అంది పాప, పంక్తి మొత్తానికి వినబడేలా.

"ఇంటికి పా, నీ సంగతి చెప్త" అంది తల్లి. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఎండకు చెమట పట్టిందని అనుకున్నాను.

పుల్ల ఐసులు తిని పిల్లలందరి నాలుకలూ నారింజరంగుకు మారాయి. పాప తన నాలుకను పక్కవాళ్ల నాలుకలతో పోల్చుకుంటూ చాలాసేపు కూర్చుంది. తెచ్చినందుకు ఎవరో ఒకరు తినాలని తల్లి ఆ డబ్బాను కెప్టెన్ చేతిలో పెట్టింది. అతను గోడ పక్కకు పోయి తిని వచ్చి నా చెవిలో, "పాప సచ్చా మాట చెప్పింది సార్. ఉప్పు జర ఎక్కువే ఉన్నది" అన్నాడు.

సాయంత్రం బస్సెక్కే ముందు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. వచ్చే నెల పాప పుట్టినరోజు. ఇంతవరకు బయట ఎక్కడా చేయలేదట, ఇక్కడ చేద్దామనుకుంటున్నానంది. "కానీ సార్, ఇయ్యాల నసీబు బాగుంది. పాత గిన్నెలల్ల, కట్టె గరిటెలల్ల నెయ్యి ఊరి ఉంటది, ఎంత తోమినా పోదు. మా ఇంట్ల దాని గిన్నెలే వేరు." నేను అప్పటికే ఆ సంగతి ఆలోచిస్తున్నాను. పుట్టినరోజు నాటికి కొత్త గిన్నెలు ఉంటాయని చెప్పాను.

మర్నాడు యజమానికి చెప్పాను. పాలు తగలని వంటకు విడిగా గంగాళం, గిన్నెలు, గరిటెలు, పళ్లేలు ఒక జత కావాలని, ఇలాంటి అతిథులు ముందు ముందు చాలామంది వస్తారని చెప్పాను. నా మాట తప్పు కాలేదు. ఆ తర్వాత ప్రగతి నగర్ నుంచి గోధుమలు పడని పెద్దాయన ఒకరు, తెల్లాపూర్ దిక్కు నుంచి పల్లీలు పడని కవలపిల్లలు వచ్చారు. ఆ రోజు మాత్రం యజమాని ఫోన్లో మాట్లాడుతూనే, "వచ్చే సీజన్‌కు చూద్దాం సార్" అన్నాడు. మంచి మనిషే. ఒక పిల్ల కోసం ఇంత ఖర్చేమిటని ఆయన అనుకుని ఉంటాడు. నేను ఏదైనా ఒకసారే అడుగుతాను.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె గ్యాస్ పొయ్యి తగ్గించి, నా ముఖం చూసి, "గంగాళం ఇత్తడిది వద్దు, స్టీలుదే తీసుకోండి, తోమడం తేలిక" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. బేగంబజారులో ఇద్దరం కలిసే గిన్నెలు ఏరాం. పంతులుగారు వాటిని వేరే అరలో పెట్టి, ఇంకెవరూ ముట్టకుండా పసుపుతాడు కట్టాడు. దేవుడి గూట్లోని నేతిగిన్నెను తన గదికి తీసుకుపోయాడు. పుట్టినరోజు బాగా జరిగింది. పాప తనే వడ్డిస్తానని పట్టుబట్టి ఎలుగుబంటికి మూడుసార్లు పులిహోర పెట్టింది.

గిన్నెలు కొన్న డబ్బు నా ఉపనయనంనాడు మేనమామలు పెట్టిన వెండి కంచానిది. దాన్ని సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో అమ్మాను.